పిలుపు పొర

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళం: నడిమింట్లో మంచం మీద మా మామ్మ అప్పలనరసమ్మ, ఆమె కాళ్ళ దగ్గర జావ కలుపుతూ మా అమ్మ తవిటమ్మ, చెప్పులు విప్పకుండా గడప మీద కూర్చున్న మా నాన్న కూర్మారావు, తోడు పథకం ఆఫీసు నుంచి అట్టపెట్టె తెచ్చినాయన, మంచం కింద పొదుగుతున్న కోడిపెట్ట, తలుపు వెనక నేను. కొత్తవాళ్ళు ఇంటికి వస్తే నేను తలుపు వెనకే ఉంటాను. నా పేరు ఢిల్లేశ్వరి. ఆ పేరు కూడా బయటివాళ్ళకి నేను గట్టిగా చెప్పుకున్నది తక్కువ. రాత్రి డైరీలో రాసుకునేటప్పుడు మాత్రం మాటలు బాగానే వస్తాయి.

ఆ పెట్టె కోసం నాన్న జీడిపిక్కల బట్టీలో పని మానుకుని మరీ ఆఫీసుల చుట్టూ తిరిగాడు. మామ్మకి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. అలాంటివాళ్ళ ఇంటికి రోజూ వచ్చి చూసుకునే ఆయాని ప్రభుత్వమే జీతమిచ్చి పంపుతుంది. మొదటిసారి మా దరఖాస్తు తోసేశారు. తప్పు మాదే. తనిఖీకి పెద్దమనుషులు వస్తున్నారని అమ్మ తెల్లవారకముందే ఇల్లు అలికి, మామ్మకి తలంటి, పెట్టెలోని జరీచీర కట్టింది. ఆఫీసరు గారు లోపలికి రాగానే మామ్మ మర్యాద కోసం ఎడమచేత్తో మంచంకోడు పట్టుకుని లేచి నిలబడబోయింది. ఆయన ముచ్చటపడి, "బాగానే చూసుకుంటున్నారమ్మా," అని రాసుకుని వెళ్ళిపోయాడు. బాగా చూసుకుంటున్న ఇంటికి ఆయా ఎందుకట! రెండోసారికి నాన్న ముందే చెప్పాడు, "ఈపాలి ఇల్లు ఊడిస్తే ఊరుకోను," అని.

పెట్టె తెచ్చినాయన మూత విప్పి రెండు చిన్న పొట్లాలు చూపించాడు.

"ఇవి పొరలు. ఒకటి పెద్దావిడ మణికట్టుకి వెయ్యండి. రెండోది రేపు వచ్చే ఆయాకి. పెద్దావిడకి దాహం వేసినా, నొప్పి పుట్టినా, పక్క తడిసినా ఆయా చేతికి తెలుస్తుంది. మాట లేనివాళ్ళ కోసమే కనిపెట్టారు. ఆయా వచ్చేదాకా రెండో పొట్లం విప్పకండి."

"ఉల్లిపొర నాగున్నాది బాబూ. ఇదేటి పలుకుతాది?" అన్నాడు నాన్న.

"పలకదు. లాగుతుంది," అని ఆయన సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

అమ్మ మొదటి పొట్లం విప్పి మామ్మ చెయ్యి అందుకోబోయింది. మామ్మ పిడికిలి బిగించింది. ఎంత బతిమాలినా విప్పలేదు. తలుపు వైపు, అంటే నా వైపు చూసి, తనకి మిగిలిన ఒక్క శబ్దం చేసింది.

"బా."

అమ్మకి వెంటనే అర్థమైంది. మా ఇంట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా ముందు ఆడపిల్ల చెయ్యి పడాలి. అది మామ్మ పెట్టిన ఆచారమే. మిక్సీ కొన్నప్పుడు మొదట నొక్కింది నేను. కొత్త పొయ్యి మొదట వెలిగించింది నేను. ఆఖరికి నాన్న సెల్‌ఫోనుకి కూడా నేను పసుపుబొట్టు పెట్టి, "హలో" అన్నాకే ఆయన చేతికిచ్చారు.

"ముందు గుంట సేతికెయ్యమంతన్నాది," అంది అమ్మ. "ఒలే ఢిల్లీ, ఇలాగ రాయే. సెయ్యి సాపు."

"ఇప్పొద్దన్నాడు కదేటి ఆయన?" అన్నాడు నాన్న.

"ఒక్కపాలి అలా పెట్టి ఇలా తీసీడమే. ఆచారం తప్పించీసి తర్వాత ఏటైనా అయితే నువ్వు సూస్తావా?"

అమ్మ రెండో పొట్లం అంచుకి పసుపు రాసి, పొర తీసి నా ఎడమ మణికట్టు మీద ఆనించింది. తడిబట్ట తగిలినట్టు చల్లగా ఉంది. తీయబోతే దొరకలేదు. అమ్మ గోటితో గీకింది. పసుపు మాత్రం ఊడింది. పొర నా చర్మంలోకి ఇంకిపోయింది. అప్పుడు మామ్మ నెమ్మదిగా పిడికిలి విప్పి తన చెయ్యి ఇచ్చింది.

కాసేపటికి నా బొటనవేలి కింద సన్నగా ఎవరో దారంతో లాగినట్టయింది. నొప్పి కాదు. కానీ కూర్చోనివ్వలేదు. లేచి కుండలోంచి నీళ్ళు ముంచి మామ్మ నోటికి అందించాను. గటగటా తాగింది. లాగడం ఆగిపోయింది.

"ఓలమ్మో, పనిసేస్తన్నాదే!" అని అమ్మ చప్పట్లు కొట్టింది. నాన్న నవ్వాడు. మామ్మ కూడా పనిచేసే సగం మొహంతో నవ్వింది. నేనూ నవ్వాననే గుర్తు.

మర్నాడు సలోమి వచ్చింది. పార్వతీపురం వైపు మనిషి, ఆయా పనిలో శిక్షణ పొందింది. పొడుగ్గా ఉంది, భుజానికి సంచి, చేతిలో తన టిఫిన్ డబ్బా. ఆమెతో వచ్చిన పథకం సూపర్‌వైజరు జరిగింది విని ఆమె చేతికి వేరే పొర వేశాడు. అది ఎండిన ఆకులా మణికట్టు మీద కాసేపు నిలిచి జారి కింద పడింది. ఇంకోటి వేశాడు. అదీ పడింది. ఆయన చేతిలోని కంప్యూటరు పలక మీద చూసుకుని తల గోక్కున్నాడు.

"జత కుదిరిపోయిందండీ. మీ అమ్మాయితో."

"అయితే సాయం ఆగిపోద్దా బాబూ?" అన్నాడు నాన్న.

"ఆగదు. సహాయకురాలిగా మీ అమ్మాయి పేరు ఎక్కిపోయింది. భత్యం మీ ఇంటికే వస్తుంది. జత ఉన్న ఇంటికి రెండో మనిషిని మాత్రం ఇవ్వరు."

"మరి ఆ పొర తీసీండి," అంది సలోమి.

"తీస్తే జత పోతుంది. జత పోతే పథకం రద్దు. మళ్ళీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకోవాలి."

"పిల్ల సదువుకోదా సారూ?" అంది సలోమి.

"చదువుకోవద్దని మేం ఎక్కడన్నాం?" అన్నాడాయన చిరాగ్గా.

నాకు గురుకుల జూనియర్ కళాశాలలో సీటు వచ్చింది. టెక్కలి అవతల, హాస్టల్లో ఉండి చదవాలి. మా బడి నుంచి ఆ సీటు వచ్చింది నాకొక్కదానికే. నెలాఖరు శనివారంలోగా వెళ్ళి చేరకపోతే వెనక వరసలో ఉన్నవాళ్ళకి ఇచ్చేస్తారు. ఆ మాట చెప్పాల్సింది నేనే. సలోమి నా వైపు తిరిగింది.

"నువ్వేటంతావు బంగారం?"

అందరూ నన్నే చూశారు. నేను తల దించుకున్నాను. తల దించుకోవడం అంటే ఒప్పుకోవడమే అని ఎవరు పెట్టారో తెలియదు. సూపర్‌వైజరు పలక మీద ఏదో నొక్కాడు. సలోమి సంచి భుజానికి వేసుకుని, వెళ్ళే ముందు నా మణికట్టు ఒకసారి నిమిరింది.

నాన్న మాత్రం తేలికపడ్డాడు. "మంచిదేలే. బయట మనిషొస్తే ఎలాటిదో, ఏటో. మన గుంటయితే మనింట్లోనే ఉంతాది. సాయమూ మనకే వస్తాది. ఇందులో నష్టమేటున్నాది?"

అప్పటి నుంచి నా చెయ్యి నాది కాకుండా పోయింది. దాహానికి బొటనవేలి కింద లాగుతుంది. పక్క తడిస్తే అరచేయి వేడెక్కుతుంది. పడుకుని పడుకుని ఒళ్ళు నొప్పెడితే మోచేయిదాకా తిమ్మిరి పాకుతుంది. నేను కంచం ముందు కూర్చోగానే, తల దువ్వుకుంటుండగా, దొడ్లో ఉండగా. మామ్మ కావాలని పిలవదు. ఒంటికి ఏదైనా కావలసి వస్తే చాలు, నన్ను తలచుకోకుండా ఉండలేదు. అది నాకు తెలుసు కాబట్టే కోపం వచ్చేది కాదు. కోపం రాకపోవడం వల్లే ఇంకా ఊపిరాడేది కాదు. ఎవరి మీదైనా అరవగలిగితే బాగుండేదని డైరీలో రాసుకున్నాను.

అమ్మ మళ్ళీ జీడిపప్పు ఒలిచే పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. సాయంత్రం వచ్చేటప్పుడు తోటి ఆడవాళ్ళతో నవ్వుతూ వచ్చేది. మామ్మ పడిపోయాక అందాకా అమ్మ నవ్వు నేను వినలేదు. ఒకరోజు గుమ్మంలోనే, కాళ్ళు కూడా కడుక్కోకుండా, గోడకి ఆనుకుని నిద్రపోయింది. అంత హాయిగా నిద్రపోయే మనిషిని లేపి, "అమ్మా, నేను వెళ్ళిపోతాను," అని ఎలా చెప్పాలి?

అయినా ఒకసారి చెప్పాను. రోట్లో పచ్చడి నూరుతూ, రోటితో చెప్పినట్టు చెప్పాను.

అమ్మ వచ్చి రోట్లో ఇంత ఉప్పు వేసింది. తర్వాత, "నాకు మాత్రం ఇష్టమేటే?" అంది. "మీ మామ్మ ఒళ్ళు నాను కడిగీదాన్ని. నా నడుము పోనాది. నువ్వు కడుగుతున్నావు. నీ సదువు పోతన్నాది. ఎవులదో ఒకల్ది పోకుండా ఆ ముసిల్దాని పొద్దు గడవదు. నన్నేటి సెయ్యమంటావు?"

టీసీ తెచ్చుకోవడానికి ఒక ఉదయం బడికి వెళ్ళాను. పక్కింటి అత్తని మామ్మ దగ్గర కూర్చోబెట్టి వెళ్ళాను. సైన్సు టీచరు గారు కాగితం నా చేతిలో పెట్టబోతుండగా బొటనవేలి కింద లాగింది. అత్త ఉందిగా అనుకుని నిలబడ్డాను. లాగుడు పెరిగింది. భుజం దాకా వచ్చింది. టీచరు గారు, "ఏమైంది ఢిల్లేశ్వరీ?" అంటున్నారు. నేను కాగితం తీసుకోకుండానే పరిగెత్తాను. ఇంటికొచ్చి చూస్తే అత్త మంచం పక్కనే కూర్చుని తమలపాకులు తుడుచుకుంటోంది. "నీల్లేమైనా కావాలేటి అని అడిగినానే. పలకలేదు!" అంది. మామ్మ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నీళ్ళు తాగాక ఆమె కళ్ళెత్తి నన్ను చూసింది. నేను రొప్పుతున్నాను. నా కాలికి చెప్పులు లేవు.

టీచరు గారు ఆ కాగితం పట్టుకుని నా వెనకే వచ్చారు. నేనేమీ చెప్పలేదు. చెయ్యి చాపి చూపించాను, అంతే. ఆవిడ ఖాళీ పొట్లం మీదున్న నంబరు చూసి విశాఖపట్నంలోని ప్రయోగశాలకి ఫోను చేశారు. అంత గట్టిగా కుదిరిన జత గురించి వాళ్ళెప్పుడూ వినలేదట. మర్నాడే వ్యాను పంపించారు. మామ్మని, అమ్మని, నన్ను ఎక్కించుకెళ్ళారు.

ప్రయోగశాలలో మామ్మని చక్రాల కుర్చీలో ఒక గదిలో ఉంచి, నన్ను ఎక్కడో వెనక గదిలో కూర్చోబెట్టారు. మధ్య గోడలు, తలుపులు. అక్కడ వాళ్ళు ఏమేం చేశారో అమ్మ తర్వాత చెప్పింది. కుర్చీ మీద దిండు తీసేశారు, నా మోచేయి తిమ్మిరెక్కింది. నీళ్ళు చూపించి వెనక్కి తీసుకున్నారు, బొటనవేలి కింద లాగింది. నేను చెప్పిన ప్రతిదీ సరిపోయింది. తెల్లకోట్ల వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు.

"ముందు ఆవిడకి నీళ్ళివ్వండి," అన్నాను. నేను అంత గట్టిగా మాట్లాడడం అదే మొదలు.

వాళ్ళలో పెద్ద, డాక్టర్ కాత్యాయని గారు మాత్రం నవ్వలేదు. తనే లేచి వెళ్ళి మామ్మకి నీళ్ళు పట్టారు. నన్ను ఆ గదిలోకే పిలిచి, మా ముగ్గురి ముందు కూర్చున్నారు.

"దీన్ని మేం ఇంట్లోవాళ్ళ కోసం చెయ్యలేదమ్మా," అన్నారు అమ్మతో. "జీతానికి వచ్చేవాళ్ళ కోసం చేశాం. వాళ్ళు సాయంత్రం పొర మీద మందు రాసుకుంటే లాగడం ఆగుతుంది. రాత్రి ఇంకొకరు వస్తారు. ఇంటిపిల్లకి సాయంత్రం ఎక్కడుంది? ఆ సంగతి మాకు తట్టలేదు. పైగా మీ అమ్మాయి పొర లోపలికి ఇంకిపోయింది, దానికి ఆ మందు పట్టదు."

"అయితే మార్చీండమ్మా. ఆ సలోమికి ఎయ్యండి."

"ఎలా మార్చను? మనిషికి దాహం వేసినప్పుడు మనసులో ముందు ఒక ముఖం మెదులుతుంది. చంటిపిల్లకి తల్లి ముఖం మెదిలినట్టు. ఈ పొర పట్టుకునేది దాన్నే. ఈవిడ మనసులో మీ అమ్మాయి ముఖం ఉంది. అది మారితే కొత్త పొర పడుతుంది. పిలుపు లేకపోతే అమ్మాయి చేతి పొర దానంతటదే ఎండి రాలిపోతుంది. కానీ ఆ ముఖాన్ని మేం మార్చలేం. ఆవిడే మార్చుకోవాలి. పిలిచిన ప్రతిసారీ ఈ అమ్మాయి ఎదురుగా వచ్చి నిలబడుతుంటే ఎలా మారుతుంది?"

"రాకపోతే ఎలాగమ్మా? లాగుతాది కదా?"

"అదే కదా చిక్కు." ఆవిడ మామ్మ వైపు తల తిప్పారు. "ఈవిడకి చెప్పి చూస్తారా?"

"దానికేటి తెలుస్తాదమ్మా," అంది అమ్మ. "మాటే పోనాది."

మామ్మ పైన తిరుగుతున్న ఫ్యాను చూస్తోంది. నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. ఆమె తన చెయ్యి ఒళ్ళోకి లాక్కుంది. చలేస్తోందేమో అనుకుని నా వోణీ కొంగు కప్పాను. కానీ నా చేతికి చలి తెలియలేదు.

డాక్టరు గారు పథకం ఆఫీసుకి ఫోను చేసి వాదించారు. ఆఖరికి వాళ్ళు నెలాఖరు దాకా ఒప్పుకున్నారు. అందాకా సలోమి వస్తుంది. ఆమెతో జత కుదిరితే ఆయా కింద ఆమెనే రాసుకుంటారు. కుదరకపోతే ఇక నేనే. చక్రాల కుర్చీ కూడా మాకే ఇచ్చి పంపారు.

సలోమి మంచి పనిమంతురాలు. మామ్మని ఒక్క ఊపులో పక్కకి తిప్పేది. జుట్టుకి నూనె రాస్తూ కబుర్లు చెప్పేది. "ఏటి మామ్మా, నా వేపు సూడవు? మీ మనవరాలి కన్నా నాను నల్లగున్నాననా?" అని ఆటపట్టించేది. మామ్మ నవ్వేది. కానీ దాహం వేస్తే నా చెయ్యే లాగేది. సలోమి నన్ను దొడ్లోకి పొమ్మనేది. వెళ్ళేదాన్ని. అక్కడ గోడకి మణికట్టు రాసుకుంటూ నిలబడి, నిలబడలేక మళ్ళీ నీళ్ళతో లోపలికి వచ్చేదాన్ని. సలోమి చేతి మీద వేసిన ప్రతి పొరా రాలిపోయింది.

"నీ వల్లే అవుతన్నాది ఇదంతా," అంది ఒకరోజు కోపంగా. "కాసేపు మామ్మని ఏడవనీ."

"ఏడ్చేది ఆవిడ కాదు, సలోమప్పా," అని నా చెయ్యి చూపించాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

నెలాఖరు శనివారం వచ్చింది. నా రేకుపెట్టె సర్దే ఉంది. ఎవరూ దాన్ని విప్పమనలేదు, ఎత్తమనలేదు. నాన్న బట్టీకి వెళ్తూ పెట్టె పక్క నుంచి దాన్ని చూడనట్టు వెళ్ళిపోయాడు. అమ్మ పనికి వెళ్తూ నా తల మీద చెయ్యి పెట్టి తీసేసింది. టెక్కలి బస్సు మా వీధి చివరే ఆగుతుంది. దాని హారన్ మా నడిమింట్లోకి వినిపిస్తుంది.

సలోమి మామ్మని కుర్చీలో కూర్చోబెట్టి, కుడిచేతికి కొబ్బరినూనె మర్దనా చేస్తోంది. సలోమి తన మణికట్టు మీద కొత్త పొర వేసుకుని ఉంది, అంచులు అప్పుడే పైకి లేస్తున్నాయి. నా చెయ్యి లాగింది. గ్లాసుతో వెళ్ళాను. మామ్మ నోరు తెరవలేదు. గ్లాసు పెదవులకి ఆనించాను. ఎడమచేత్తో తోసేసింది. నీళ్ళు నా పరికిణీ మీద ఒలికాయి.

"ఏడెక్కినాయేమో నీల్లు," అంది సలోమి.

కుండలోంచి మళ్ళీ ముంచి తెచ్చాను. ఈసారి తల అటు తిప్పుకుంది. దాహం నాకు తెలుస్తోంది. బొటనవేలి నుంచి మోచేయికి, మోచేయి నుంచి భుజానికి. ఇంత దాహంలో ఎందుకు తాగదు? "మామ్మా, తాగవే," అన్నాను. "నా మీద కోపమేటి?"

"బా," అంది. చక్రం మీద ఎడమచెయ్యి వేసి కుర్చీని ముందుకు తోసింది. అది నా మోకాళ్ళకి తగిలింది. నేను వెనక్కి జరిగాను. మళ్ళీ తోసింది. ఒంటిచేత్తో తోస్తే కుర్చీ ఒక పక్కకే తిరుగుతుంది. తిరిగినప్పుడల్లా ఎడమకాలితో నేల తన్ని సరిచేసుకుంటూ నా మీదికే వచ్చింది. సలోమి సాయం పట్టబోతే, "బా!" అని కసిరింది. నేను గడప దాటి అరుగు మీదికి వచ్చేశాను. అక్కడ నా రేకుపెట్టె ఉంది. తెల్లవారి నేను దాన్ని లోపలే పెట్టాను. ఎవరు బయట పెట్టారో అప్పుడు ఆలోచించలేదు. సలోమి నా కళ్ళలోకి చూడడం లేదు.

మామ్మ గడప దగ్గర ఆగింది. పెదవులు తెల్లగా ఎండిపోయాయి. నా చెయ్యి ఊడిపోతుందేమో అన్నంతగా లాగుతోంది. ఆమె నన్ను చూసింది, చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళు గట్టిగా మూసుకుంది. మూసుకున్న కళ్ళతోనే తల వెనక్కి, సలోమి వైపు తిప్పింది. అప్పుడు కళ్ళు తెరిచి, చంటిపిల్లలా నోరు తెరిచింది.

నా చేతిలో లాగుడు సగంలో తడబడింది.

వీధి చివర హారన్ మోగింది. "నీల్లా మామ్మా? ఇదిగో, తెస్తన్నాను. ఇప్పుడే తెస్తన్నాను," అంటూ సలోమి తన మణికట్టు పట్టుకుని, ఎందుకు పట్టుకుందో తనకే తెలియనట్టు దాన్ని చూసుకుంటూ కుండ దగ్గరికి పరిగెత్తింది.

నేను గడప మీద కాలు పెట్టబోయాను. మామ్మ నా వైపు చూడలేదు. ఎడమచెయ్యి చాచి, తలుపు రెక్క అందుకుని, నా మొహం మీదే వేసేసింది.